జబ్బున్న పిల్లల్ని ఆటకు పంపడంలో ఫోన్ చేయగలిగేది ఎంత?

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ఏ మొబైల్ షాపుకు వెళ్లినా స్మార్ట్ వాచీలు వరసగా వేలాడుతుంటాయి. 1,500 రూపాయలు పెడితే చాలు, రోజుకు ఎన్ని అడుగులు వేశామో, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, ఎన్ని గంటలు పడుకున్నామో అన్నీ చూపిస్తుంది. ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్‌లకైతే లెక్కే లేదు. టైప్-1 షుగరో (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక సూదితో వేసుకోవాల్సిన జబ్బు), దమ్మో, గుండె జబ్బో ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే వీటిని చూడగానే తల్లిదండ్రులకు ఒక ఆశ పుడుతుంది: ఇది కొనిస్తే మా పిల్ల లేచి నాలుగడుగులు వేస్తుందా? వెంటనే ఒక టెన్షన్ కూడా మొదలవుతుంది: వేస్తే ఏమన్నా అవుతుందా?

నా ఉద్దేశంలో ఈ రెండోదే అసలు ప్రశ్న. మార్కెట్లో దొరికే వ్యాయామం యాప్‌లు దాదాపు అన్నీ బద్ధకాన్ని వదిలించడానికి తయారైనవి. జబ్బున్న పిల్లల్ని ఎక్కువగా ఆపేది భయం. పిల్లల భయం, అమ్మానాన్నల భయం, బడిలో పీఈటీ సార్ భయం. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే ఏ యాప్ ఎందుకు పనిచేస్తుందో, ఏది రెండు వారాలకే మూలన పడుతుందో అర్థం చేసుకోవడం సులువవుతుంది.

ఏ పిల్లలు, ఏ వ్యాయామం, ఏ టెక్నాలజీ

దీర్ఘకాలిక జబ్బు అంటే వారం రోజుల మందులతో పోయేది కాదు, నెలలు, ఏళ్ల తరబడి వెంట ఉండేది. టైప్-1 షుగర్, ఉబ్బసం, ఫిట్స్, పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు, చిన్న వయసులోనే వచ్చే కీళ్లవాతం, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు, స్టెరాయిడ్ మందులు వాడాల్సి వచ్చే నెఫ్రోటిక్ సిండ్రోమ్ లాంటి కిడ్నీ జబ్బులు, క్యాన్సర్ తగ్గాక మిగిలే నీరసం అన్నీ ఇందులోకే వస్తాయి. ఒకదానికొకటి పోలిక లేని జబ్బులివి. అందుకే అందరికీ ఒకటే యాప్ అనే మాట దగ్గరే చిక్కు మొదలవుతుంది.

వ్యాయామం అంటే జిమ్ అనుకోవద్దు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఆయాసం తెలిసేలా కదలాలని, వారంలో కనీసం 3 రోజులు కండరాలు, ఎముకలు గట్టిపడే పనులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వైకల్యంతో జీవిస్తున్న పిల్లలకూ అదే లెక్క ఇచ్చి, ఎవరి శక్తిని బట్టి వాళ్లు కొద్దికొద్దిగా పెంచుకోవచ్చంది. కబడ్డీ, ఖో-ఖో, సైకిల్ మీద బడికి పోవడం, తొమ్మిది రోజుల బతుకమ్మ ఆట, కోలాటం అన్నీ ఈ 60 నిమిషాల్లోకి వస్తాయి. అయితే ఏ జబ్బూ లేని పిల్లలే ఈ లెక్కకు చేరట్లేదు. 2016 నాటి సమాచారం ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మందికి సరిపడా కదలిక లేదు. మగపిల్లల కంటే ఆడపిల్లల పరిస్థితి ఇంకా వెనక.

మొబైల్ టెక్నాలజీ అనే మాట కింద చాలా ఉన్నాయి. చిన్న ఫోన్‌కు వచ్చే మెసేజ్, రికార్డు చేసిన గొంతుతో వచ్చే కాల్, స్మార్ట్ ఫోన్ యాప్, చేతి బ్యాండ్, చర్మానికి అతికించుకునే షుగర్ సెన్సార్. ఖరీదైనదే బాగా పనిచేస్తుందన్న నియమం ఏమీ లేదు.

ఆట ఎక్కడ ఆగిపోతుంది

"పాణం మంచిగ లేదు గదా, ఎండల తిరగకు బిడ్డా." ఈ మాట పలకని ఇల్లు ఉండదు. అది ప్రేమతో పుట్టిన మాటే. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయి మంచానికి అంటుకున్న మనుషుల్ని ఒక తరమంతా కళ్లారా చూసింది. జబ్బంటే కూర్చోవాల్సిందే, పడుకోవాల్సిందే అన్న భావం అలాంటి నేల మీద లోతుగా దిగిపోతుంది.

వైద్యం మాత్రం ఈ విషయంలో చాలా మారింది. కీళ్లవాతం ఉన్న పిల్లలు కదలకపోతే కీళ్లు మరింత బిగుసుకుంటాయి, కండరం సన్నబడుతుంది. ఉబ్బసం అదుపులో ఉన్నప్పుడు ఆటలు దమ్మును ఓర్చుకునే శక్తిని పెంచుతాయి. టైప్-1 షుగర్‌లో కండరాలు చురుగ్గా ఉంటే ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. గుండె లోపాలున్న పిల్లల్లోనూ ఎక్కువ మందికి డాక్టర్లు ఏదో ఒక స్థాయి ఆట చెబుతారు. కొన్ని గుండె జబ్బుల్లో మాత్రం గట్టి పరుగు ప్రాణం మీదికే రావచ్చు. ఎవరికి ఎంత అన్నది పరీక్ష చేసిన డాక్టరు చెప్పాలి, దానికి ఏ యాప్ కూడా సాటి రాదు.

ఆసుపత్రిలో "ఆడుకోవచ్చమ్మా" అని ఒక్క మాటలో చెప్పి పంపితే ఆ మాట ఇంటికి వచ్చేసరికి బలహీనపడుతుంది. ఎంతసేపు? ఏ ఆట? మధ్యలో కళ్లు తిరిగితే? ఇన్ని ప్రశ్నలకు జవాబు లేనప్పుడు వద్దనడమే అందరికీ సులువు. ఫోన్‌కు నిజంగా పని ఉన్నది ఈ ఖాళీలోనే.

వాచీ లోపల జరిగేది

ఫోన్‌లో, బ్యాండ్‌లో మూడు దిక్కుల కదలికను పట్టే ఒక చిన్న చిప్ ఉంటుంది. మనం నడిచినప్పుడు వచ్చే ఊపును అది అలల్లా చూసి, ఒక్కో అలను ఒక్కో అడుగుగా లెక్కేస్తుంది. గుండె వేగానికి వాచీ అడుగున ఉన్న ఆకుపచ్చ వెలుగు చర్మం మీద పడుతుంది. రక్తం పొంగినప్పుడల్లా తిరిగివచ్చే వెలుగు మారుతుంది, ఆ మార్పే గుండె లెక్క.

పరికరానికి కనపడనివి ఏమిటో దీన్ని బట్టే తెలిసిపోతుంది. సైకిల్ తొక్కితే అడుగులు సరిగా పడవు. ఫోన్ బ్యాగులో ఉండి పిల్ల గ్రౌండులో ఉంటే సున్నా. మన ఆడపిల్లల పంజాబీ డ్రెస్సులకు, లంగా ఓణీలకు జేబులే ఉండవు. జేబులో ఫోన్ పెట్టుకుని తిరిగే అబ్బాయి లెక్కలో చురుగ్గా కనిపిస్తే, రోజంతా ఇంటిపని చేసి సాయంత్రం పత్తి చేను నుంచి నడిచొచ్చిన అమ్మాయి బద్ధకస్తురాలిగా తేలుతుంది. ఇది చిన్న లోపం కాదు. ఆ అంకె చూసే తల్లిదండ్రులు, డాక్టర్లు ఒక అభిప్రాయానికి వస్తారు కాబట్టి.

పదివేల అడుగులు ఎక్కడి నుంచి వచ్చాయి

చాలా యాప్‌లు మొదటి రోజే రోజుకు 10,000 అడుగుల లక్ష్యం పెడతాయి. ఈ సంఖ్య ఏ వైద్య పరిశోధనలోనూ పుట్టలేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటర్ పేరులోంచి ఇది ప్రపంచమంతా పాకింది.

ఒక లెక్క వేసి చూద్దాం. కీళ్లవాతం ఉన్న పదహారేళ్ల అబ్బాయి. మొదటి వారం ఏ లక్ష్యమూ లేకుండా బ్యాండ్ పెట్టుకున్నాడు. రోజుకు సగటు 3,200 అడుగులు వచ్చాయి. 10,000 అంటే ఉన్నదానికి మూడింతలకు పైనే. మొదటి రోజే ఓడిపోతాడు. ఆ ఓటమి రోజూ సాయంత్రం తెర మీద ఎర్ర రంగులో కనిపిస్తుంది. అదే సగటుకు పదో వంతు కలిపితే 3,520. అంటే 320 అడుగులు ఎక్కువ, మూడు నాలుగు నిమిషాల నడక. కిరాణా షాపు దాకా పోయి వస్తే అయిపోతుంది. రెండు వారాలు అది నిలబడ్డాక మళ్లీ పదో వంతు.

ఇక నొప్పులు తిరగబెట్టిన వారం సంగతి. యాప్‌లలో వరస రోజులు లెక్కపెట్టే పద్ధతి ఉంటుంది. ఒక్కరోజు తప్పితే వరస తెగి మళ్లీ సున్నా నుంచి మొదలు. మామూలు పిల్లలకు ఇది సరదా పందెం. కీళ్లవాతం, సికిల్ సెల్ ఉన్న పిల్లలకు మాత్రం జబ్బు చేసిన పాపానికి శిక్ష పడినట్టు. పైగా వరస కాపాడుకోవాలని నొప్పిలోనే నడిస్తే మర్నాడు లేవలేరు. ఈ పిల్లల కోసం తయారయ్యే యాప్‌లో "ఈ రోజు బాగోలేదు" అనే ఒక బటన్ తప్పకుండా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అది నొక్కితే వరస తెగకూడదు, లక్ష్యం దానంతటదే తగ్గాలి.

పరిశోధనల్లో తేలింది

నడుస్తూ ఫోన్‌లో ఆడే పోకెమాన్ గో ఆట వచ్చిన 2016లో అమెరికాలో 18 నుంచి 35 ఏళ్ల వాళ్ల మీద జరిగిన అధ్యయనంలో, ఆట మొదలుపెట్టిన మొదటి వారం రోజుకు సుమారు 955 అడుగులు పెరిగాయి. ఆరో వారానికి ఆ పెరుగుదల మొత్తం కరిగిపోయింది. న్యూజిలాండ్‌లో 14 నుంచి 17 ఏళ్ల వాళ్లు 51 మందికి పరుగు యాప్‌లు ఇచ్చి 8 వారాలు చూశారు. వాటిలో ఒకటి కథతో నడిచే ఆట. ఫిట్‌నెస్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంగ్లండ్‌లో 13, 14 ఏళ్ల పిల్లలకు చేతి బ్యాండ్లు ఇస్తే ఎనిమిది వారాల తర్వాత ఇష్టంగా కదలాలన్న కోరిక పెరగకపోగా తగ్గింది. ఎందుకంటే పక్కవాడితో పోటీ, లక్ష్యం చేరలేదన్న బాధ.

వీళ్లెవరూ జబ్బు కారణంగా ఎంచుకున్నవాళ్లు కాదు. జబ్బున్న పిల్లల మీద జరిగినవి తక్కువ, అవీ ఎక్కువగా కొద్దిమందితో కొన్ని వారాలే సాగినవి. అమెరికాలో క్యాన్సర్ నుంచి బయటపడ్డ 59 మంది టీనేజర్లలో కొందరికి 10 వారాల పాటు బ్యాండ్, ఒక ఫేస్‌బుక్ గ్రూప్ ఇచ్చారు. పిల్లలు ఇష్టంగానే వాడారు. కానీ ఆయాసం తెలిసేంత వ్యాయామంలో రెండు గుంపుల మధ్య స్పష్టమైన తేడా కనపడలేదు.

నాకు అన్నిటికంటే ఆలోచింపజేసేది స్కాట్లాండ్‌లోని డండీలో జరిగిన పాత ప్రయోగం. 2006లో ఫలితాలు వచ్చాయి. టైప్-1 షుగర్ ఉన్న 92 మంది, వయసు 8 నుంచి 18. యాప్ లేదు, వాచీ లేదు, మామూలు మెసేజ్‌లే. అయితే ఆ మెసేజ్‌లు ప్రతి పిల్ల ఆసుపత్రిలో కూర్చుని తనకు తాను పెట్టుకున్న లక్ష్యాన్ని బట్టి వెళ్లేవి. ఏడాది తర్వాత "నా షుగర్‌ను నేను చూసుకోగలను" అన్న ధైర్యం పెరిగింది. మూడు నెలల షుగర్ సగటు మాత్రం మెసేజ్‌లతో పాటు ఇన్సులిన్ వైద్యాన్ని కూడా మెరుగుపరిచిన వాళ్లలోనే బాగుపడింది. ఇది వ్యాయామం కోసమే చేసిన ప్రయోగం కాదు, నిజమే. అయినా ధైర్యం పెంచడం మెసేజ్‌కు చేతనైంది, మందు పని మందే చేసింది అన్న సంగతి మన ప్రశ్నకు నేరుగా తగులుతుంది.

కబడ్డీ ఆడాలనుకునే షుగర్ అమ్మాయి

దేవరకొండ దగ్గర ఒక తండా అనుకుందాం. పద్నాలుగేళ్ల అమ్మాయి, టైప్-1 షుగర్. మధ్యాహ్నం 1 గంటకు ఇన్సులిన్ వేసుకుని అన్నం తింది. సాయంత్రం 4:30కు బడిలో కబడ్డీ ప్రాక్టీసు.

జబ్బు లేని పిల్ల పరుగెత్తితే ఒంట్లో ఇన్సులిన్ దానంతటదే తగ్గుతుంది. సూదితో వేసుకున్న ఇన్సులిన్‌ను వెనక్కి తీయలేం. తక్కువ ధరకు దొరికే రెగ్యులర్ ఇన్సులిన్ 6 నుంచి 8 గంటలు పనిచేస్తుంది కాబట్టి నాలుగున్నరకు ఇంకా గట్టిగానే ఉంటుంది. తొడకు వేసుకుని పరుగెత్తితే ఇంకా త్వరగా రక్తంలోకి వస్తుంది. మరోపక్క కండరాలు కూడా చక్కెరను లాక్కుంటాయి. షుగర్ 70 కంటే కిందికి పడితే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. ఇంట్లో వాళ్లు భయపడేది దీనికే.

షాపులో కొన్న వాచీ ఈ అమ్మాయికి 4:30కు చెప్పేది ఒకటే: "ఇంకా 3,000 అడుగులు మిగిలాయి, పద!" షుగర్ తెలిసిన యాప్ అయితే ముందు అడుగుతుంది. ఇప్పుడు షుగర్ ఎంత? ఇన్సులిన్ ఎప్పుడు వేసుకున్నావు? ఏ ఆట, ఎంతసేపు? అమ్మాయి 118 అని కొడుతుంది. నిపుణులు ఒప్పుకున్న సూచనల ప్రకారం 90 నుంచి 124 మధ్య ఉంటే ఆటకు ముందు 10 గ్రాముల గ్లూకోజు తీసుకోవడం మంచిది. సుమారు రెండున్నర చెంచాల చక్కెరతో సమానం. 90 కంటే తక్కువుంటే తిని, పెరిగాక దిగాలి. 270 దాటి కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి పుట్టే పదార్థాలు) కూడా ఉంటే ఆ రోజు ఆట వద్దు. ఈ అంకెలు ఆ అమ్మాయి డాక్టరు ఆమెకు సరిపడేలా మార్చి యాప్‌లో పెట్టాలి.

ఒక మెలిక ఉంది. కూతకు వెళ్లినప్పటి గట్టి పరుగుకు, ఉద్వేగానికి అడ్రినలిన్ ఎక్కి షుగర్ కాసేపు పెరగొచ్చు కూడా. ఆ అంకె చూసి కంగారుగా ఇన్సులిన్ వేస్తే రాత్రికి ప్రమాదం. ఎందుకంటే ఆట అయ్యాక కండరాలు ఖాళీ అయిన చక్కెర నిల్వను మళ్లీ నింపుకుంటూ ఉంటాయి, దాని ప్రభావం 24 గంటల దాకా ఉండొచ్చు. గ్రౌండులో బాగానే ఉన్న పిల్లకు రాత్రి రెండింటికి నిద్రలో షుగర్ డౌన్ కావచ్చు. "ఈ రోజు 45 నిమిషాలు ఆడింది, పడుకునే ముందు ఒకసారి షుగర్ చూడండి" అని రాత్రి తొమ్మిదింటికి తల్లి ఫోన్‌కు తెలుగులో వచ్చే ఒక్క మెసేజ్ విలువ లక్ష అడుగుల లెక్కకంటే ఎక్కువ. ఆ మెసేజ్ ఉందన్న ధైర్యంతోనే తల్లి రేపు మళ్లీ ఆటకు పంపుతుంది.

చర్మానికి అతికించే సెన్సార్ ఉంటే ఈ పని ఇంకా సులువు. నిమిషాల వ్యవధిలో షుగర్ చూపిస్తూ పడిపోతుంటే మోత మోగిస్తుంది. కానీ అది రక్తాన్ని కాక చర్మం కింది ద్రవాన్ని కొలుస్తుంది, షుగర్ వేగంగా పడేటప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. పైగా ఒక్కో సెన్సార్‌కు వేల రూపాయలు, అది రెండు వారాలకే అయిపోతుంది. కూలి మీద బతికే ఇంటికి ఇది అందని మాట.

వాచీ తప్పు చెప్పే జబ్బులు

వాచీలు 220 లోంచి వయసు తీసేసి, గుండె ఎంత వేగం వెళ్లొచ్చో అంచనా కడతాయి. పిల్లల విషయంలో ఈ సూత్రం అంత నమ్మదగింది కాదు. గుండె జబ్బుకు బీటా బ్లాకర్ మందు వాడే పిల్లలకైతే గుండె వేగం అంతగా పెరగదు, మందు పనే అది. వాళ్లు చెమటలు కారేలా నడిచినా వాచీ "ఇంకొంచెం గట్టిగా" అంటుంది. ఇలాంటి చోట పాత పద్ధతే మేలు: మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంటే మధ్యస్థ వ్యాయామం.

ఉబ్బసంలో ఆయాసం ఆట మధ్యలో కంటే ఆపాక కొద్ది నిమిషాలకు వస్తుంటుంది. అప్పటికి యాప్ శభాష్ చెప్పి మూసుకుంటుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కన ఉండే పిల్లలకు ఊక దుమ్ము మరో సంగతి. దగ్గర్లో గాలిని కొలిచే కేంద్రం లేకపోతే ఫోన్‌లో కనిపించే గాలి నాణ్యత అంచనా మాత్రమే. ఈ జబ్బులో ఫోన్ కెమెరాయే పనికొస్తుంది: ఇన్‌హేలర్ పీల్చే తీరు వీడియో తీసి ఆసుపత్రికి పంపితే తప్పెక్కడుందో నర్సు చెప్పగలదు. ఫిట్స్ ఉన్న పిల్లలకు పరుగు, ఆటలు చాలావరకు మంచివే. వ్యవసాయ బావిలో ఒంటరిగా ఈత మాత్రం వద్దు. అడుగులు లెక్కపెట్టే పరికరానికి బావి సంగతి తెలియదు. మే నెలలో నల్లగొండ ఎండ 44, 45 డిగ్రీలకు చేరినప్పుడు మధ్యాహ్నం పన్నెండింటికి "లేచి నడువు" అని గుర్తుచేసే యాప్‌కు మన వేసవీ తెలియదు.

కావాలనేవాళ్లు, వద్దనేవాళ్లు

కావాలనేవాళ్ల మాటలో బలముంది. పిల్లల స్పెషలిస్టు దగ్గరికి నల్లగొండ పల్లెల నుంచి హైదరాబాద్‌లోని నీలోఫర్‌కో, నిమ్స్‌కో పోవాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు. రెండు మూడు నెలలకోసారి పది నిమిషాలు చూసే డాక్టరుకు మధ్యలో ఏం జరిగిందో తెలిపే మార్గం ఫోనే. మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో మెడికల్ కాలేజీలు వచ్చాక దూరం కొంత తగ్గినా, రోజువారీ తోడు అవసరం తగ్గలేదు.

వద్దనేవాళ్లదీ వట్టి చాదస్తం కాదు. కదలమని చెప్పడానికి తెర ఇస్తే ఆ తెరలోనే రీల్స్, గేములు ఉంటాయి. స్టెరాయిడ్ మందులతో ముఖం ఉబ్బిన అమ్మాయికి రోజూ క్యాలరీలు, బరువు చూపిస్తే తిండి మానేసే దారి పట్టొచ్చు. జబ్బు మందుల లెక్కకు తోడు అడుగుల లెక్క కూడా పడితే బాల్యమంతా లెక్కలే. ఈ వాదనల్లో నాకు ఎక్కువ బరువుగా కనిపించేది చివరిది. డాక్టరో, నర్సో, పీఈటీ సారో ఆ లెక్కను చూసి మాట్లాడనప్పుడు అది పిల్ల నెత్తి మీద బరువుగానే మిగులుతుంది.

ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది

ఈ యాప్‌లన్నీ ప్రతి టీనేజర్‌కు సొంత ఫోన్ ఉందనుకుని తయారవుతాయి. మన దగ్గర చాలా ఇళ్లల్లో స్మార్ట్ ఫోన్ ఒక్కటే, అది నాన్నది, పొద్దున ఆయనతోపాటే పనికి పోతుంది. పాలమూరు వైపు అమ్మానాన్నలు పుణెకో ముంబైకో పనికి వలస పోతే పిల్లలు అమ్మమ్మ, తాతల దగ్గర ఉంటారు, ఇంట్లో మిగిలేది బటన్ల ఫోన్. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో పిల్లల చేతికి ఫోన్ ఇవ్వరు.

అందుకే ఇక్కడ పనికొచ్చే రూపం వేరు. చదువు రాని అమ్మమ్మకు కూడా అర్థమయ్యే గొంతు కాల్ ఒకటి. గర్భిణులకు, బాలింతలకు వారం వారం సలహాలు చెప్పే కిల్కారి సేవ 2016 నుంచి ఇలా మామూలు ఫోన్ల మీదే నడుస్తోంది. హాస్టల్ పిల్లలకైతే ఫోన్ అక్కర్లేని బ్యాండ్ చాలు, వారానికోసారి ఆ అంకెను పీఈటీ సార్ తన ఫోన్‌లో ఎక్కించుకోవచ్చు. ఊళ్లలో బడులకు వచ్చి 18 ఏళ్ల లోపు వాళ్లను పరీక్షించే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్) బృందాలు 2013 నుంచి ఉన్నాయి. జబ్బును గుర్తించి రాసే కాగితంలో "ఏ ఆట ఆడొచ్చు, ఎంతసేపు" అనే ఒక వరస చేర్చి, దాన్ని బడికి మెసేజ్‌గా పంపితే పీఈటీ సార్ భయం సగం తీరుతుంది.

ఆ లెక్క ఎవరి కంట పడుతుంది

ఆడపిల్లకు ఫిట్స్ ఉన్నాయనో, షుగర్ ఉందనో బయటికి తెలిస్తే రేపు సంబంధాలు రావని దాచిపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. క్లాసు వాట్సాప్ గ్రూపులో అందరి అడుగుల జాబితా పెడితే అట్టడుగున ఎవరున్నారు, ఎందుకున్నారు అన్న చర్చ అక్కడే మొదలవుతుంది. జబ్బున్న పిల్ల తన నిన్నటితో తాను పోల్చుకునే యాప్, పక్కవాళ్లతో పోల్చే యాప్ కంటే మేలనడానికి ఇది కూడా ఒక కారణం.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది, వాళ్ల ప్రవర్తనను వెంటాడి గమనించడాన్ని, ఆ సమాచారంతో వాళ్లకు ప్రకటనలు గురిపెట్టడాన్ని నిషేధిస్తుంది. ప్రభుత్వం కొందరికి మినహాయింపులు ఇవ్వడానికి వీలుంది. అంటే ఆసుపత్రి నడిపే యాప్‌కు, షాపులో కొన్న వాచీ యాప్‌కు ఒకటే నియమాలు ఉండకపోవచ్చు.

వాచీ యాప్ మొదట అడిగేది పుట్టిన సంవత్సరం. అసలుది కొడితే అనుమతుల తలనొప్పి అని చాలామంది పిల్లలు 2000 అని కొట్టేస్తారు. దాంతో ఆ కంపెనీ లెక్కలో పద్నాలుగేళ్ల పిల్ల పెద్దమనిషి అయిపోతుంది, పిల్లలకున్న రక్షణ ఆమెకు అందదు. క్యాలరీల లెక్క, గుండె వేగం హద్దులు కూడా ఆ తప్పు వయసు మీదే వేసి చూపిస్తుంది. వాచీ ఇప్పటికే కొన్న ఇళ్లల్లో ముందుగా తెరిచి చూడాల్సిన పేజీ అదే.